రూతమ్మత్త కళ్లంలో దిగిన విమానం

ఇప్పుడు చెప్పబోయేది పెద్ద ప్రమాదమేమీ కాదు. ప్రాణనష్టం లేదు. ఒక డ్రోను, ఒక బస్తా జీడిపప్పు, ఒక మనిషి పరువు పోయాయి. ఆ మనిషి మా రూతమ్మత్త. నాది పోవడానికి అప్పటికే పెద్దగా మిగల్లేదు.

అత్తదీ నాదీ మందస దగ్గర ఒకటే ఊరు. పలాస ఫ్యాక్టరీ నుంచి పప్పు తెచ్చుకుని, ఇంటి దగ్గరే పొట్టు తీసి, విరగని గుండ్లు, రెండుగా చీలిన బద్దలు, చిన్న ముక్కలు వేరువేరుగా ఏరి పంపుతుంది. ఆవిడ బస్తా ఏనాడూ తిరిగి రాలేదు. ఫ్యాక్టరీ మేస్త్రి ఎవరి బస్తా అయినా బోర్లించి చూస్తాడు గానీ, అత్త బస్తాకు నమస్కారం పెట్టి లోపల పెట్టుకుంటాడని చర్చిలో ఆడవాళ్లు చెప్పుకునేవారు. అందులో అసూయ కొంత తీసేసినా, విప్పి చూడడన్నది నిజం.

నేను ఫిజిక్సులో డిగ్రీ చేసినవాణ్ణి. కాబట్టి డ్రోను కొన్నాను. మా ఉద్దానం ప్రాంతాన్ని పైనుంచి చూపిస్తే ప్రపంచం నోరెళ్లబెడుతుందని నా అంచనా. తీరా చూస్తే మాది ఇసుక నేల. ఇసుకలోంచి లేపితే మోటార్లు పాడవుతాయి. ఊరంతా వెతికితే ఇసుక లేని చోటు ఒక్కటే దొరికింది: అత్త సిమెంటు కళ్లం.

“ఏటి సేత్తన్నావురా అల్లుడా, నా కళ్లంలో?” అంది అత్త, చేట చంకన పెట్టుకుని.

“విమానం లేపుతున్నానత్తా. రెండే నిమిషాలు.”

“లేపీసి ఎల్లిపో. సాయంకాలానికి బండొత్తాది. పప్పు ఏరాల.”

“ఛార్జింగు అయిపోతే ఎక్కణ్ణుంచి లేచిందో అక్కడికే వచ్చి దిగుతుందత్తా, దానంతటదే. ఎంత బుద్ధిమంతురాలో!”

“నీకంటే నయమే.”

లేచిన చోటే దిగుతుందన్న మాట నేనే, నా నోటితోనే, సాక్షుల ఎదుట చెప్పానని మీరు గమనించాలి. నేను మాత్రం గమనించలేదు.

డ్రోను లేచింది. అత్త కొడుకు యోహాను బావా నేనూ రిమోట్ పట్టుకుని కొబ్బరితోట చివర ఇసుకదిబ్బ ఎక్కాం. తెరమీద కొబ్బరి తలలు, అవతల సముద్రం.

“ఓర్నీ! పైనుంచి సూత్తే మనూరు కూడా ఊరిలాగే ఉందిరా బావా!” అని ఆశ్చర్యపోయాడు యోహాను. కాసేపటికి, “ఏటది, ఎర్రగా రాత్తంది?”

“ఏం లేదు. ఛార్జింగు తగ్గింది, ఇంటికి పోతానంటోంది. పోనీ.”

“ఇల్లంటే?”

“కళ్లం.”

బావ నావైపు చూశాడు. “కళ్లంలో అమ్మ పప్పు ఏరతంది కదరా!”

దాన్ని ఆపడానికి ఏదో బటన్ ఉందట. ఆ సంగతి సూచనల పుస్తకం పద్నాలుగో పేజీలో ఉందట. పన్నెండో పేజీ దగ్గర నాకు విషయం అర్థమైపోయింది కనుక అక్కడే ఆపేశాను.

ఇసుకలో పరిగెడుతూనే అంతా తెరమీద చూశాం. కళ్లంలో నేలమీద పరిచిన పరదాలు, వాటిమీద పప్పు కుప్పలు, చుట్టూ అత్తతో కలిపి ఐదుగురు ఆడవాళ్లు. ముందు పొట్టు లేచింది. ఎర్రటి తుఫాను.

“ఓలమ్మో! సాతాను! సాతాను దిగతన్నాడే!” అని ఒకామె కేక, పరిగెడుతున్న మాకూ వినిపించింది.

“సాతాను కాదే, మా అల్లుడు!” అంది అత్త. ఆ తేడా అక్కడెవరికీ పెద్దగా కనిపించలేదు.

ముక్కలు వెళ్లి బద్దల్లో కలిశాయి. డ్రోను తిన్నగా గుండ్ల కుప్పమీద కూర్చుని రెక్కలు తిప్పింది. గుండ్లు బద్దలయ్యాయి, బద్దలు ముక్కలయ్యాయి. అత్త చేట ఎత్తడం కనిపించింది. తర్వాత ఏమీ కనిపించలేదు.

మేం చేరేసరికి ఐదుగురూ నెత్తినుంచి కాళ్లదాకా పొట్టే. అత్త చేట నా చేతిలో పెట్టింది.

“కూకో. ఏరు,” అంది.

కూర్చున్నాను. “అత్తా, ఇది గుండా, బద్దా?”

“అది పొట్టురా.”

బండి వచ్చేసరికి ఎలాగో బస్తా నింపి ఎక్కించాం. ఆ రాత్రి ప్రార్థనలో అత్త మామూలుకంటే ఎక్కువసేపు కళ్లు మూసుకుంది.

మర్నాడు బస్తా తిరిగొచ్చింది. దాంతోపాటు చిన్న కాగితం పొట్లం.

“ఫ్యాక్టరీలో డబ్బాలో పోత్తంటే దొరికిందట,” అన్నాడు బండివాడు. “గుండు తెలుసు, బద్ద తెలుసు, ముక్క తెలుసు, ఇది ఏ రకం పప్పో కనుక్కు రమ్మన్నాడు మేస్త్రి.”

అత్త పొట్లం విప్పింది. గోరంత నల్లటి ప్లాస్టిక్కు, డ్రోను రెక్క కొన. దాన్ని అరచేతిలో పెట్టి నా ముక్కు ముందుకు చాచింది.

“సెప్పు అల్లుడా. సదువుకున్నోడివి నువ్వే కదా. ఏ రకం?”

ఆ బస్తా మొత్తం మళ్లీ ఏరాను. ఏరిన చేతులు కడుక్కోకుండానే, అత్త ఎదుట, బైబిలు మీద చెయ్యి వేయబోతే “పొట్టు అంటుతాది” అని అత్త లాగేసుకోగా, ఉత్త గాలిమీదే ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ డ్రోను ఎగరెయ్యను. ఎగరేసినా, జీడిపప్పు పండని జిల్లాలోనే.