బొట్టు పెట్టని కూలి

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు మా మండలం జెడ్పీటీసీ సభ్యుడు కారు బోల్తాపడి చనిపోయాడు. ఉప ఎన్నికలో ఆయన భార్యను నిలబెట్టారు. అంతకు ఏడాది ముందే నా భర్త పోయాడు. పక్క చేనువాళ్ళ మోటరు నడవడం లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కాడు. కరెంటు పట్టేసింది. నా బిడ్డ అప్పటికి ఇంకా చిన్న బడిలోనే ఉంది.

మాది మర్రిగూడ వైపు పల్లె. వానను నమ్ముకున్న పత్తి చేలు. ఎండాకాలం చేతికి పని దొరకదు. ప్రచారానికి ఆడవాళ్ళు కావాలని కబురు రాగానే మా వాడ ఆడవాళ్ళమంతా కదిలాం. మగవాళ్ళకు ఇచ్చేదాంట్లో సగం ఇస్తామన్నారు. ఎందుకు సగమని ఎవరూ అడగలేదు. పత్తి చేలోనైనా అంతే కదా అనుకున్నాం. మగవాళ్ళు జెండాలు కట్టుకుని బండ్ల మీద ముందు పోతారు. పెట్రోలు పోయిస్తారు, మధ్యాహ్నం బిర్యానీ పెడతారు, పొద్దు గూకాక సీసా ఇస్తారు. మేము నడుస్తాం. మాకు పులిహోర పొట్లం.

మొదటి రోజు పొద్దున అభ్యర్థి ఇంటి ముందు మమ్మల్ని వరుసలో నిలబెట్టి చేతుల్లో కుంకుమ భరిణెలు పెట్టారు. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి ఓటు అడగాలి. పెత్తనమంతా అభ్యర్థి మరిదిది. అందరూ చిన్నపటేలు అనేవారు. వరుస చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. నా నుదురు చూశాడు.

"నీ మొగడు లేడా?"

"పోయిండు పటేలా."

"మరి భరిణె ఎట్ల పట్టినవు? జనం తలుపులు ఏసుకుంటరు."

నా చేతిలోది లాక్కుని, తువ్వాలతో తుడిచి, పక్కనున్న వదినకు ఇచ్చాడు. వదిన అంటే మా పక్కింటామె, నాకు వరుసకు వదిన. ఆమె తల వంచుకుని తీసుకుంది. నాకు కరపత్రాల సంచీ నెత్తినెత్తారు, నీళ్ళ క్యాను చేతికిచ్చారు.

"నీకు ఆళ్ళ కంటె తక్కువనే. బొట్టు పెట్టే పని లేదు కద" అన్నాడు.

నోరు ఊరుకోలేదు. "మొగోళ్ళు సుత బొట్టు పెడ్తలేరు కద పటేలా. మరి ఆళ్ళకెందుకు డబల్ ఇస్తుండ్రు?"

కోపం చేస్తాడనుకున్నాను. నవ్వాడు. "లీడరమ్మ దొరికిందిరా మనకు! మొగోళ్ళ కూలి గావాల్నంటే మొగోళ్ళ లెక్క ఉండాలె. పొద్దుగూకినంక ఆళ్ళ నడుమ కూసోని తాగుతవా మరి?"

బండ్ల మీదున్న మగవాళ్ళు ఈలలు వేశారు. ఆనాటి నుంచి నా పేరు లీడరైపోయింది. ఎదురుపడ్డ ప్రతివాడూ "లీడర్, ఇయ్యాల కూసుంటవా మాతోటి?" అనేవాడు. వాళ్ళ కూతలు కొన్నాళ్ళకు అలవాటయ్యాయి. కొంగు అడ్డం పెట్టుకుని మా ఆడవాళ్ళు నవ్విన నవ్వు మాత్రం అలవాటు కాలేదు.

ఆటో మీద మైకు రోజంతా ఒకటే మాట అరిచేది. "పసుపు కుంకుమలు పోగొట్టుకొని మీ ముందుకొచ్చిన మీ ఆడబిడ్డను ఆశీర్వదించండి!" ఆటోకు కట్టిన ఫ్లెక్సీలో అభ్యర్థి తెల్లచీర, బోసి నుదురు, జోడించిన చేతులు. ఆ నుదురు ఓట్లు తెస్తుందని వాళ్ళకు నమ్మకం. ఆ ఆటో వెనక దుమ్ములో నేను నడిచేదాన్ని. క్యాను నీళ్ళు నాయకులకే. మాలో ఎవరైనా గ్లాసు పట్టుకొస్తే "గవి మీకు గాదు, బోరు కాడికి పోండ్రి" అనేవారు. మోకాళ్ళు బిగుసుకుపోయేది ఆ బోరు నీళ్ళలోని ఫ్లోరైడుతోనే అని వాళ్ళకూ తెలుసు.

ఒకరోజు నాయకుల బండ్లు బయలుదేరుతుంటే క్యాను నింపుకుని గేటులోంచి లోపలికి వస్తున్నాను. సరిగ్గా ముందు బండికి ఎదురుపడ్డాను. చిన్నపటేలు బండి ఆపించి తల బయట పెట్టాడు.

"ఈ ముండమోపి ఎదురొచ్చినంక పోతే గెలుస్తమా? ఎనుకకు తియ్యి. లోపటికి పొయ్యి నీళ్ళు తాగి మల్ల ఎల్దాం."

బండ్లన్నీ వెనక్కి పోయాయి. మళ్ళీ బయలుదేరేదాకా నన్ను గోడ వెనక నిలబెట్టారు. ఆ మాట అన్నప్పుడు మా అభ్యర్థి అతని ముందు సీటులోనే కూర్చుని ఉంది. అదే బోసి నుదురుతో. ఆమె ఏదో ఒకటి అంటుందని చూశాను. కొంగు నిండుగా కప్పుకుని అద్దంలోంచి అవతలికి చూసింది.

పోలింగు దగ్గరపడ్డాక చిన్నపటేలే నాకు కబురు పెట్టాడు. ఇప్పుడు నాతో అవసరం పడింది. పట్నం నుంచి వీడియో తీసేవాళ్ళు వచ్చారు. మొగుడు పోయిన పేదింటి ఆడది అభ్యర్థిని పట్టుకుని ఏడవాలి, అభ్యర్థి ఓదార్చాలి. నన్ను ఆమె పక్కన మంచం మీద కూర్చోబెట్టారు.

"ఏడువు" అన్నాడు చిన్నపటేలు.

ఏడుపు రాలేదు.

"నీ మొగడు ఎట్ల సచ్చిండో చెప్పు. మైకుల చెప్పు."

చెప్పాను. ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెప్పాను. మాడిన చేతుల గురించి అడిగాడు, అదీ చెప్పాను. కెమెరా పట్టుకున్నతను సరిగ్గా రాలేదన్నాడు.

"మల్ల చెప్పు. జర నిమ్మళంగ, కాలిన వాసన గీసన వచ్చిందా, అది సుత చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆ వాసన నిజంగానే ముక్కుకు తగిలింది. చెప్తుండగా ఏడుపు వచ్చేసింది. "ఆ, గిదే, గిదే!" అన్నాడు చిన్నపటేలు వెనక నుంచి. అభ్యర్థి నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె కన్నీళ్ళకు నా భుజం తడిసింది. చెవి దగ్గర ఎవరికీ వినపడకుండా అంది: "నన్ను సుత గిట్లనే కూసోబెట్టిండ్రు చెల్లే."

"అయిపాయె, చాలు" అన్నాడు మరిది. ఆమె వెంటనే వదిలేసి కళ్ళు తుడుచుకుంది.

ఆమె గెలిచింది. ప్రమాణం ఆమె చేసింది, మండలాఫీసులో ఆమె కుర్చీలో చిన్నపటేలు కూర్చున్నాడు. నా ఏడుపు ఊరూరా ఫోన్లలో తిరిగింది. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా బిడ్డకు ఎవరో చూపించారు. సెలవులకు వచ్చినప్పుడు అడిగింది: "అమ్మా, బాపు సచ్చిపోయిననాడు సుత గింతగనం ఏడ్సినవా?" లేదు. ఆనాడు నాకు మాట కూడా రాలేదు.

తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ముందే మా వాడ ఆడవాళ్ళను నా వాకిట్లో కూర్చోబెట్టాను. మగవాళ్ళతో సమానంగా ఇస్తేనే పోదాం, నాలాంటివాళ్ళను వెనక్కి నెట్టకూడదు అన్నాను. వదినే అందరికంటే ముందు ఒప్పుకుంది. చిన్నపటేలు వచ్చినప్పుడు ఆమె పక్కనే నిలబడి ఆ మాట చెప్పాను.

"మంచిది" అని బండి ఎక్కాడు.

తెల్లవారి మోత్కూర్ దిక్కు నుంచి ఆటోల నిండా ఆడవాళ్ళు దిగారు. వాళ్ళలో ఒకామెను ఎంతిస్తున్నారని అడిగాను. "మీకు పోయినసారి ఇచ్చినంత గూడ లేదక్కా. మా దిక్కు గది సుత దొరుకది" అంది. మా వాడ మగవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే బండ్ల మీద వాళ్ళ ముందు పోయారు.

రెండోనాటికి మావాళ్ళంతా ఆ గుంపులో కలిశారు, అందరికంటే ముందు వదినే. చిన్నపటేలు వాళ్ళను మా ఇంటి ముందు నిలబెట్టి, నాకు వినపడేలా అడిగాడు. "లీడర్ మాట ఇంక ఇంటరా?" "ఇనం పటేలా" అన్నారు అందరూ. తక్కువ కూలికే తీసుకున్నాడు.

నేను వాళ్ళ మీద కోపం పెట్టుకున్నాను. ఆ ఏడు పత్తి తీసేటప్పుడు వదిన, నేను ఒకే సాలులో పడ్డాం. ఆగలేక అడిగాను. "అందరి కంటె ముందు ఒప్పుకుంటివి, అందరి కంటె ముందు పోతివి, ఎందుకు వదినా?"

ఆమె చేతులు ఆగలేదు.

"నీకేమాయె, ఇంట్ల అడిగేటోడు లేడు. మొగోళ్ళతోటి సమానంగ అడిగిన్నని ఆ పొద్దు మా ఆయన చెప్పు తీసిండు. ఒక్క నన్నేనా? వాడంత అదే పని. ఆళ్ళకు ఇచ్చే దాంట్ల కోసి మాకిస్తరని చిన్నపటేలు ఆళ్ళకు చెప్పిండట."

వాళ్ళందరూ వాకిట్లో కూర్చున్ననాడు ఈ సంగతి నాకు తట్టలేదు. డబల్ తీసుకునే మగవాళ్ళు ఈ ఆడవాళ్ళ ఇళ్ళలోనే అన్నం తింటున్నారు. దెబ్బలు తిన్నది ఆడవాళ్ళు. నా ఇంట్లో కొట్టేవాడు లేడు.

సాలు చివరిదాకా ఇద్దరం పత్తి తీసుకుంటూ పోయాం. ఇప్పటికీ ఎన్నికలు వస్తే ఏ పార్టీవాళ్ళూ నా గడప తొక్కరు. మా వాడ ఆడవాళ్ళు పోతూనే ఉన్నారు, అదే సగానికి.