గాలి మిషన్ల గది తాళం

నాగోల్ దగ్గర మురుగునీటి శుద్ధి కేంద్రంలో నేను కెమిస్టుగా ఉన్న రోజుల్లో అంతయ్య అక్కడ ఆపరేటరు. పోచంపల్లి పక్క ఊళ్లో నేతపని చేసి, మగ్గం సాగక ఎల్బీనగర్‌లో కిరాయి ఇంటికి చేరినవాడు. పెద్ద తొట్టిలో గోధుమరంగు బురదనీళ్లు మసులుతుంటే, నూలు అద్దే రంగుబాన చూసినట్టు చూసి, "ఇయ్యాల జర నల్లబడ్డది సారూ, గాలి పెంచాలె" అనేవాడు. నా పరీక్షలు సాయంత్రానికి అదే మాట చెప్పేవి. ఆ బురదలో కంటికి కనపడని పురుగులుంటాయి. మురుగును తినేవి అవే. వాటికి ఊపిరి అందించేవి గాలి మిషన్లు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మొదటి రోజు పొద్దున మిషన్లు ఆపి, ఆ గదికి తాళం వేసింది అంతయ్యే. మగ్గం ఆపితే పోగు ఎక్కడిదక్కడే ఉంటుంది, ఇదీ అంతే అనుకున్నాడు. పనిలో చేరాక అవి పూర్తిగా ఆగడం అతను చూడలేదు. ఆగితే ఏమవుతుందో చెప్పవలసింది నేను. భీమవరం నుంచి వచ్చినవాణ్ని, నా మాట సమ్మె విరవడానికే అన్నట్టు వినిపిస్తుందని ఊరుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ ఊరుకోవడాన్ని సమర్థించుకోలేకపోయాను.

మర్నాడు తొట్టి దగ్గరికి వచ్చేసరికే వాసన మారిపోయి ఉంది.

"ఏంది సారూ గిది?"

"పురుగులు చచ్చిపోతున్నాయి అంతయ్యా. ఇంకో రెండు మూడు రోజులైతే మిగలవు. మళ్లీ పెంచాలంటే నెల దాటుతుంది. అందాకా మురుగంతా మూసీలోకే."

"నిన్న చెప్పకపోతిరి?"

జవాబు కోసం అతను ఆగలేదు. మూసీ దిగువన అతని అక్క రాధమ్మ ఆ నీళ్లతోనే పశువుల గడ్డి పెంచుతుంది. ఆమెకు మోకాళ్ల దాకా దద్దుర్లు. గాజు జాడీ నిండా నల్లనీళ్లు ముంచి, మూతపెట్టి, గేటు ముందున్న సమ్మె టెంటుకు నడిచాడు. వెనకే నేనూ.

తాళంచెవి యూనియన్ నాయకుడు కోదండం జేబులో ఉంది.

"తాళం తియ్యాలె అన్నా."

"నువ్వే ఏసి నువ్వే తియ్యమంటవా? ఆంధ్రా సారు చెవిల ఏమన్న ఊదిండా?"

టెంటంతా నవ్వింది. అంతయ్య జాడీ మూత తీసి అతని ముందు పెట్టాడు. ముందువరుస ముక్కులు మూసుకుని లేచిపోయింది.

"ఎందుకు లేస్తున్నరు? కూసోండ్రి. గీ నీళ్లే మా అక్క చేన్లకు పోతయి. నీళ్ల కోసమే గదా మనం కూసున్నది? తప్పు నాదే. తాళం నేనే ఏసిన, నేనే తీస్త."

"అంటే సమ్మె ఇరుస్తవా?"

"ఇరువ. హాజరు పెట్ట. పొద్దుగాల, మాపటికి మిషన్లు చూస్కుంట. మిగిలిన టైమంత నీ పక్కకే కూసుంట."

కోదండం ముక్కు మీద తువాలు తియ్యకుండానే తాళంచెవి విసిరాడు. "ముందుగాల గా జాడీ అవతల పెట్టు, నాయినా!"

తొట్టి మళ్లీ గోధుమరంగుకు తిరగడానికి వారం పట్టింది. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కావడంతో కరెంటు పోతూండేది. పోయినప్పుడల్లా అంతయ్య టెంటులోంచి లేచొచ్చి జనరేటరు వేసి, మళ్లీ వెళ్లి నినాదం అందుకునేవాడు.

నలభై రెండు రోజులకు సమ్మె ఆగింది. పై ఆఫీసరు హాజరు పుస్తకం తెరిచి, "రోజూ వచ్చి మిషన్లు నడిపావటగా, వచ్చినట్టే వేసేస్తాను, జీతం పోదు" అన్నాడు.

"వద్దు సారూ. నేను సమ్మెల ఉన్న. ఉన్నట్టే రాయుండ్రి."

అని తొట్టి వైపు వెళ్లిపోయాడు, ఆ రోజు రంగు చూడడానికి.