మూడు ఎడమలు, ఒక కుడి

వికారాబాద్‌లో మా పాత బస్తీని రైలు కొత్తగా వచ్చిన కాలంలో ఎవరో దొర స్కేలు పెట్టి గీశాడంటారు. నిలువు గల్లీలు, అడ్డ గల్లీలు, నడుమ నలుచదరపు చౌక్. ఆ చౌక్ అందరిదీ. అంటే పగలు కందులు ఎండబోసే ఆడవాళ్లది, సాయంత్రం తాండూరు బండ మీద కూర్చుని మా తప్పులెన్నే పెద్దమనుషులది. పోయినేడాది ఒక వారం మాత్రం అది మా అమ్మది.

అమ్మ నవాబుపేట వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. తొమ్మిదికి సెంటర్ తెరవాలి. బస్సేమో తొమ్మిదిన్నరకు దింపుతుంది. అప్పటికే రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే ఉద్యోగం పోయినట్టే. తాండూరులో ఉండే మేనమామ తన పాత స్కూటీ పంపించాడు. నేర్పే పని నా మీద పడింది.

మూడు రోజుల్లో అమ్మకు బండి వచ్చేసింది, కుడివైపు తప్ప. హ్యాండిల్ కుడికి తిప్పితే దాంతోపాటు యాక్సిలరేటర్ కూడా తిరిగి బండి దూకేది. ఎడమకైతే బుద్ధిగా తిరిగేది. చదరపు బస్తీలో దీనికి మందుంది: నేరుగా పోయి, మూడుసార్లు ఎడమకు తిరిగితే కుడికి తిరిగినట్టే. నాలుగిళ్ల అవతలి కిరాణా కొట్టుకు అమ్మ బస్తీ అంతా చుట్టి పోయేది. పలకరించిన వాళ్లే మళ్లీ పలకరించేవాళ్లు.

కానీ నవాబుపేట రోడ్డెక్కే చోట ఒక కుడి మలుపుంది. అక్కడ గల్లీల్లేవు, అన్నీ చేన్లే. అమ్మ మామకు ఫోన్ చేస్తే, “నేను పంపిన బండికి కుడి లేదా అక్కా?” అన్నాడు. అమ్మ నవ్వలేదు. నాతో రాజీనామా రాయించింది. అన్నీ తప్పులే రాశావని తిట్టి, దాన్ని చించేసింది.

ఆదివారం ఆఖరి ప్రయత్నం. అమ్మ చౌక్ చుట్టూ ఎడమకే తిరుగుతోంది. నాలుగో చుట్టుకు వచ్చేసరికి పక్కింటి పెద్దమ్మ మలుపు మొత్తం కందులు పరిచేసింది. కావాలనో, ఎండ కోసమో, ఇప్పటికీ చెప్పదు.

“మీదికెక్కిచ్చినవనుకో, ఒక్కొక్క గింజ ఏరిపిస్త బిడ్డా,” అన్నది, చేతిలో చాట పట్టుకుని.

ఎడమన కందులు, ఎదురుగా పెద్దమనుషుల బండ. అమ్మ కుడికి తిరిగింది. బండి దూకలేదు. ఏం జరుగుతుందోనని బండ మీంచి లేచిన ఒక తాత “గింతేనా?” అని మళ్లీ కూర్చున్నాడు.

సోమవారం సాయంత్రం అమ్మ వచ్చేసరికి చౌక్‌లో అందరికీ అక్కడే ఏదో పనుంది. ఏమైందని నేనే అడిగాను.

“తొమ్మిదికి పది నిముషాల ముందే చేరిన. తాళంచెవి సెంటర్ ఆయమ్మ దగ్గరున్నది. ఆమె తొమ్మిదిన్నర బస్సుకొచ్చింది.”

“మరి?”

“రేపటిసంది నా ఎనక కూసుంటది.”