ఓడినవారి కోసం రాసిన తీర్పు

వాన వెలిసిన సాయంత్రం బస్సు కాజీపల్లి దాటుతుంటే కిటికీలోంచి ఘాటు వాసన లోపలికి వచ్చింది. పక్కనున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం పాండురంగం గారు గుర్తొచ్చారు. ఆయన సంగారెడ్డి కోర్టులో జడ్జిగా ఉన్నప్పుడు నేను ఆయన దగ్గర స్టెనోగా పనిచేశాను. గుమ్మడిదల వైపు రైతు నర్సింలు, మందుల ఫ్యాక్టరీ కాలువ వల్ల తన బావి పాడైందని దావా వేశాడు. సీసాలో తెచ్చిన నీళ్ల మూత తీస్తే హాలంతా ఇదే వాసన. కానీ ఆ నీళ్లు ఆ బావివేనని చెప్పే సాక్షి లేడు. దావా కొట్టేస్తున్నట్టు జడ్జి గారు తన గదిలో నాకు చెప్పి రాయిస్తుంటే నా వేళ్లు ఆగిపోయాయి.

“ఆయన చెప్పేది నిజమని మీకు తెలుసు కదా సార్?” అన్నాను.

“తెలుసమ్మా. కానీ నాకు తెలిసిందని రాస్తే, రేపు ఇంకో జడ్జి తనకు తెలిసిందని ఈ నర్సింలు పొలమే వేరేటోళ్లకు రాసిస్తడు. జడ్జి మనసు ఎట్లుంటదో అని జనం భయపడుకుంట బతకొద్దు. అందుకే చట్టం.” మళ్లీ ఆయనే అన్నారు: “గెలిచినోళ్లు తీర్పు చదవరు. ఓడినోడే చదువుతడు. ఆయన కోసం రాద్దాం, తెలుగుల.”

ఎన్నిసార్లు కొట్టేసి తిరగరాయించారో! ‘నిరూపించలేకపోయాడు’ అని ఊరుకోకుండా, ఏ రుజువు లేకపోయిందో విడమరిచి చెప్పించారు. తీర్పు చదివాక, “నర్సింలు గారూ, ఎందుకు ఓడిండ్రో సమజైందా?” అని అడిగారు.

నర్సింలు కండువా సర్దుకున్నాడు. “సమజైంది సార్. నేను అబద్ధమాడిన్నని మీరు అనలే. ఇద్దరి ముంగట నీళ్లు పట్టియ్యాలె, గంతే గద?”

అతను పై కోర్టుకు వెళ్లాడు. అక్కడ కోర్టు తరఫున చూసి రావడానికి ఒక కమిషనర్‌ను వేసి, ఇరుపక్షాల ముందు నీళ్లు పట్టించారు. నర్సింలు గెలిచాడు. కాలువ మూయించారు. అప్పటికి రిటైరై పోతిరెడ్డిపల్లిలో ఉంటున్న పాండురంగం గారికి ఆ సంగతి చెప్పడానికి పరుగున వెళ్లాను.

“మీ తీర్పు కొట్టేశారు సార్!”

“మంచిగైంది,” అని పకపకా నవ్వారు. వెంటనే, “మరి ఫ్యాక్టరోళ్లకు సమజయ్యేటట్టు రాసిండ్రా?” అన్నారు.

ఆయన పోరు పెట్టబట్టే లా చదివి వకీలునయ్యాను. ఆయన ఇప్పుడు లేరు. కేసు ఓడిన రోజు నాకూ మనసు బాగుండదు. అయినా నల్లకోటు విప్పకుండానే, ఓడినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తీర్పంతా చదివి వినిపిస్తాను. మొన్న ఒక పెద్దామె ఆసాంతం విని, కళ్లు తుడుచుకుంది.

“అయితే జడ్జి సారు నా మాట ఇన్నరన్నట్టే బిడ్డా. పా, జెర ఛాయ్ తాగుదాం.”