నీడలో ఆరాల్సిన శనగలు

ఎనభైల్లో మాట. ఆళ్లగడ్డ పక్కన మా అమ్మ నా పేరున రాసిచ్చిన రెండెకరాల నల్లరేగడి ఉండేది. వరసగా రెండేళ్లు శనగకు ఎండు తెగులు తగిలింది. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి తల వాల్చేసేది. మూడో ఏడూ ఇంతే అయితే చేను అమ్మేస్తామని మా మామ తేల్చి చెప్పాడు. చేను నా పేరున, పెత్తనం ఆయనది.

నంద్యాలలో రైతుల మీటింగుకు నేనే పోయాను. అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఒక వ్యవసాయాధికారి నల్లపొడి పొట్లం చేతిలో పెట్టాడు. అందులో మేలు చేసే బ్యాక్టీరియా ఉందట. విత్తనానికి పట్టిస్తే వేరు చుట్టూ పెరిగి తెగులును దగ్గరికి రానివ్వదట.

"ఇది ఇంకా పరీక్షలో ఉందమ్మా, ఖాయంగా పనిచేస్తుందని చెప్పలేను. కానీ దానికి ప్రాణముంది. ఎండ తగిలితే చచ్చిపోతుంది" అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు వదిలేసి, పొట్లాన్ని కొంగు కింద పెట్టుకుని కూర్చున్నాను.

విత్తే రోజు పొద్దున్నే బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, పొడి కలిపి, శనగలకు పట్టించి వసారాలో గోనెపట్టా మీద పరిచాను. విత్తనం వేసే గొర్రుకు పూజ చేసేటప్పుడు విత్తనం సూర్యుడికి ఎదురుగా ఉండాలన్నది మా అత్తింటి ఆచారం. నేను వంటింట్లో నైవేద్యం సర్ది వచ్చేసరికి పట్టా వాకిట్లో ఎండకు చేరింది.

"మామా, అవి నీడలో ఆరాల" అన్నాను.

"ఏందీ? సూర్యుడికి చూపియ్యకుండా విత్తనం యేస్తారా యాడన్నా? తడిగా ఉండాయి, ఆరనీ. నువ్వు టెంకాయ తీసకరాపో."

మా ఆయన వైపు చూశాను. ఆయన తల ఎత్తకుండా ఎద్దుల పలుపులు సర్దుకుంటున్నాడు. ఇంకొక్క మాట అనాల్సింది. ఊరి పెద్దలు నిలబడి ఉన్నారు. కోడలు ఎదురు చెప్పిందంటారని భయపడ్డాను. పోయి టెంకాయ తెచ్చాను. బారెడు పొద్దెక్కేదాకా శనగలు ఎండలోనే ఉన్నాయి.

పూత మీదికొచ్చేసరికి సగం చేను ఎండిపోయింది. "నంద్యాల నుంచి పురుగులు తెచ్చి చేన్లో యేసింది మా కోడలు" అని మామ కనపడిన వాళ్లందరికీ చెప్పాడు. జనం నవ్వారు. ఆ బ్యాక్టీరియా బతికుంటే చేను నిలిచేదో లేదో నాకిప్పటికీ తెలీదు. నా కడుపుమంట అదే. తెలుసుకునే అవకాశాన్ని నా చేతులారా పోగొట్టుకున్నాను.

వేసవిలో ఆళ్లగడ్డ రిజిస్ట్రారు ఆఫీసులో చేను అమ్మకం కాగితాలు నా ముందు పెట్టారు. సంతకమా, వేలిముద్రా అని గుమాస్తా అడిగాడు.

"మా కోడలు బాగా చదువుకుండాదప్పా" అన్నాడు మామ, గొప్పగా.

సంతకం పెట్టాను.