విలాసం అనే మాట

కిర్రు... కిర్రు... ఎక్కడో ఒక చక్రం నూనె అడుగుతోంది. పశువైద్యశాల వరండాలో బెంచీ మీదున్న వాళ్లమంతా తలలు తిప్పాం. ముందు తోపుడుబండి వచ్చింది. దాని మీద మడతపెట్టిన దుప్పటి, దుప్పటి మీద ముసలి కుక్క. ఆ తరువాతే ఆమె. ఇరవయ్యేళ్లుగా మా వీధి బట్టలు ఇస్త్రీ చేస్తున్న మనిషి. ముంజేతుల మీద కాలిన మచ్చలు, రాలి అక్కడే ఉండిపోయిన ఆకుల్లా.

"దొరగారు వేంచేశారా?" అన్నాడు కాంపౌండరు.

"వేంచేశారు. మర్యాదగా సూది వెయ్యి తమ్ముడూ."

దొర అంటే ఆ కుక్కే. కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు సెలైన్ ఎక్కిస్తేనే అన్నం ముట్టుకుంటుంది. భర్త పోయాక ఆమె ఉండే ఒంటిగదిలో తన మాటకు చెవి నిక్కించే ప్రాణి అదొక్కటే.

సెలైన్ పెట్టాక ఆమె గోడ మీది కొత్త సర్కారు కాగితాన్ని కూడబలుక్కుంటూ చదివింది. "పెంపుడు జంతువుల వైద్యం... విలాసం..." అక్కడితో ఆపి, కాంపౌండరు వైపు తిరిగి ఇంటి నంబరు, వీధి, మందుల షాపు పక్క సందు, అన్నీ అప్పజెప్పింది. "రాసుకో. మొన్ననే ఇల్లు మారాను."

అతను నవ్వబోయి ఆగాడు. "అడ్రసు కాదక్కా. ఇక్కడ విలాసమంటే జల్సా. సరదా ఖర్చన్నమాట. అందుకని వీటి వైద్యం మీద అమ్మకం పన్ను వేద్దామంటున్నారు. సూదికీ, సెలైనుకీ, అన్నిటికీ."

"జల్సానా?"

"దొర అని పేరు పెట్టింది నువ్వేగా మరి."

ఎవరూ నవ్వలేదు. కుక్క పొట్ట నిమురుతున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. సీసాలో నీళ్లు ఒక్కొక్క చుక్కగా దిగుతున్నాయి. ఆమె వాటినే చూస్తోంది, ఎవరో తన ముందే వాటి పేరు మార్చేసినట్టు.

"ఈ ఉప్పునీళ్లా జల్సా?" అంది చివరికి. "ఇప్పుడే కిందా మీదా పడుతున్నాను. పన్ను కూడా అంటే వారానికి ఒక్కసారే తేగలను. ఒక్కసారి సరిపోతుందా తమ్ముడూ?"

అతను దూది చుట్టడం మొదలుపెట్టాడు.

ఆమె ముఖం రంగు మారడం నేను చూశాను. ఇస్త్రీపెట్టె పక్కన రోజంతా నిలబడ్డా వాడని ముఖం అది.

కాగితం అడుగున, అభ్యంతరాలుంటే రాసి పంపవచ్చని ఉంది. పెన్ను తీసి, ఏం రాయమంటావని అడిగాను.

"పన్ను గొడవ నాకు తెలీదమ్మా," అంది. "ఒక్కరోజు సరిపోదు, ఆ రెండో రోజు కూడా దానికి కావాలని రాయి."