గంగవాయిలి కూరకు వెళ్ళిన రోజు

మొన్న వనస్థలిపురం నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అమ్మ పోయింది. నిద్రల్నే పోయింది," అన్నాడు మా పాత ఓనరమ్మ కొడుకు. ఆమె ఇంటి పైభాగంలో మేం చాలా ఏళ్ళు కిరాయికున్నాం. మాది గోదావరి వైపు. ఆమెది నల్లగొండ పక్క పల్లె. ఆమె నా భయం పోగొట్టిందంటే అబద్ధమవుతుంది. ఆమెకూ భయమే. కలిసి భయపడ్డాం. అందుకే ఆమెకు ఋణపడ్డాను.

అది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా ఉన్న వానాకాలం. బస్సులు ఆగిపోయాయి. మా ఆయన డ్యూటీ మీద విజయవాడ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. నోరు తెరిస్తే యాస బయటపడుతుందని నేను గేటు దాటేదాన్ని కాదు. ఒక పొద్దున ఓనరమ్మ తలుపు తట్టి, "సంచి పట్టుకొని రా బిడ్డా," అంది. ఇల్లు ఖాళీ చేయమంటోందనుకుని ఆమె వంకే చూశాను.

"గట్ల చూస్తవేంది? కూరకు పోదాం. ఉత్త పప్పు ఎన్ని దినాలు తింటం?"

మామూలు రోజుల్లో పల్లెల ఆడవాళ్ళు మూటలతో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగి తుమ్మికూర, పొన్నగంటి, గంగవాయిలి కుప్పలు పోసి అమ్మేవారు. ఆమె వాళ్ళ దగ్గర బేరమాడేది కాదు. "చేన్ల వంగి వంగి ఏరిన కూర. దానికి బేరమేంది?" అనేది. ఇప్పుడు వాళ్ళూ రావడం లేదు. ఇద్దరం కాలనీ చివరి ఖాళీ ప్లాట్లలోకి వెళ్ళాం.

గంగవాయిలిని మా వైపు గంగపాయల అంటాం. అచ్చం అలాగే నేల మీద పాకే మొక్క ఇంకొకటుంది. "తుంచి చూడు. పాలు కారితే పారెయ్, అది తినేది కాదు," అంది. ప్రతి కాడా తుంచి భయంభయంగా చూసుకున్నాను. వేళ్ళతో సహా పీకబోతే ఆపింది. "చిగురే తుంచాలె. మనెనుక ఇంకొకరొస్తరు."

ఎల్‌బీ నగర్ వైపు పొగ లేచింది. కాసేపటికి కొందరు కుర్రాళ్ళు బండ్ల మీద వచ్చి మా ముందు ఆగారు. "ఈడేం చేస్తున్నరమ్మా? ఇంట్ల ఉండుండ్రి," అన్నాడొకడు. ఇంకొకడు నా వైపు తిరిగాడు. "అక్కా, మీది ఏ ఊరు?"

నేను ఓనరమ్మ వైపు చూశాను. ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. ఆమెకు ఆ ప్రశ్నే వినబడలేదు. ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తోంది.

"మా పిల్లగాడు మీతోని లేడా? రాత్రి నుంచి ఇంటికి రాలే."

ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "దిల్‌సుఖ్‌నగర్‌ల పోలీసులు శానమందిని వ్యాన్ల ఎక్కించిన్రమ్మా. పేర్లు తెల్వదు." బండ్లు వెళ్ళిపోయాయి.

ఉద్యమం కోసం పిల్లలు తమ ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు రోజూ వినబడే రోజులవి. ఇన్నాళ్ళూ నేను ఎవరిని చూసి భయపడ్డానో, ఆమె వాళ్ళ కోసం భయపడుతోంది. "ఇంటికి పోదాం అత్తయ్యగారూ," అన్నాను. ఆమె మళ్ళీ వంగింది. ఇంకో చిగురు తుంచింది.

"భయమైతే చేతులకు పని చెప్పాలె బిడ్డా. ఊకె కూసుంటే అది మనల్ని మింగుతది."

ఆ కూర చింతపండు వేసి పప్పులో వండింది. బయట జీపు చప్పుడైనప్పుడల్లా గరిటె ఆగిపోయేది. నేను పైకి వెళ్ళలేదు. పొద్దు వాలాక కొడుకు వచ్చాడు, చిరిగిన చొక్కాతో, నుదుటి మీద కట్టుతో. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. కంచం పెట్టింది.

"అక్కా, నువ్వు తిన్నవా?" అని అడిగాడతను. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం తిన్నాం. ఆమె ముద్ద ముట్టలేదు. కొడుకు వెనక కూర్చుని, ఆకుపసరు అంటిన వేళ్ళతో అతని చొక్కా అంచు పట్టుకుంది. చేయి కడుక్కోవడానికి అతను లేచినా వదల్లేదు. అలా పట్టుకునే కుళాయి దాకా వెంట నడిచింది.